విమానం తప్పిందని ఇల్లు అమ్ముకుంటామా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. పద్నాలుగేళ్లుగా ఉద్యోగం వడోదరలో. నాన్న ఇచ్చిన స్థలంలో, కళింగపట్నం దగ్గర, 2021లో రూ.42 లక్షలు పెట్టి ఇల్లు కట్టుకున్నాం. సెలవులకు వెళ్లి ఉండడానికే. లోన్ ఇంకా రూ.18 లక్షలుంది, వడ్డీ 8.5 శాతం, ఈఎంఐ రూ.21,000. సంక్రాంతికి, వేసవికి, దసరాకి నలుగురం వెళ్తాం. వడోదర నుంచి విశాఖకు నేరుగా విమానం లేదు. ముంబయి దాకా ఒక టికెట్, అక్కడి నుంచి వేరే కంపెనీలో ఇంకో టికెట్ తీసుకుంటాం. అలా చేస్తే రానుపోను మనిషికి రూ.3,000 దాకా మిగులుతుంది. మొన్న సంక్రాంతికి రెండు విమానాల మధ్య రెండు గంటల నలభై నిమిషాలు ఉంచుకున్నాం. మొదటిది గంటా ఇరవై నిమిషాలు లేటు. రెండోది వెళ్లిపోయింది. కొత్త టికెట్లు, హోటలు కలిపి రూ.52,000 అయ్యాయి. మేం చేరేసరికి భోగి మంటలు ఆరిపోయాయి. అంతకుముందు దసరాకి తిరుగు ప్రయాణంలోనూ ఇదే గొడవ, అప్పుడు రూ.18,000. "ఈ ఇంటికి పోవడం కన్నా తిరుపతి కొండకు నడిచి వెళ్లడం సుఖం, అమ్మిపారేయండి" అంటోంది మా ఆవిడ. అమ్మేయాలా? లేక ఏడాదికి రూ.10,000 ఫీజు ఉన్న ట్రావెల్ క్రెడిట్ కార్డు తీసుకుంటే ఈ బాధ తగ్గుతుందా?

జవాబు: కార్డు సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. లాంజ్‌లో కూర్చుని ఇడ్లీ తినొచ్చు, అంతే. తప్పిపోయిన విమానాన్ని ఆ కార్డు వెనక్కి తేలేదు. పైగా ఫీజు కట్టాం కదా అని ఇంకోసారి ప్రయాణం పెట్టుకుంటారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను.

ఇల్లు అమ్మే మాట తర్వాత. ఆ రోజు ముంబయిలో ఏం జరిగిందో ముందు చూద్దాం. మీ డబ్బు పోయింది అక్కడే.

రెండు గంటల నలభై నిమిషాలంటే వినడానికి బోలెడు టైమ్. కానీ టికెట్లు వేరైతే మీ పెట్టె రెండో విమానంలోకి దానంతట అది వెళ్లదు. దిగి, బెల్టు దగ్గర నిలబడి, పెట్టె తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ చెక్-ఇన్ కౌంటర్ దగ్గర లైనులో నిలబడాలి. దేశీయ విమానాలకు ఆ కౌంటరు మామూలుగా గంట ముందే మూసేస్తారు. అంటే మీ నూట అరవై నిమిషాల్లో అరవై మొదటే పోయాయి. పెట్టెకు ఇరవై అయిదో ముప్ఫయ్యో వేసుకోండి. మిగిలింది డెబ్భై, డెబ్భై అయిదు నిమిషాలు. మీ మొదటి విమానం లేటు ఎనభై నిమిషాలు! ఇక ముంబయిలో ఒక విమానం టెర్మినల్ 1లో దిగి, రెండోది టెర్మినల్ 2లో ఎక్కాల్సి ఉంటే, మధ్యలో బయటి రోడ్డు మీద టాక్సీ ప్రయాణం కూడా ఉంటుంది.

ఈ లెక్క నాకు పుస్తకంలో దొరకలేదు. కొన్నేళ్ల కిందట నేనూ ఇలాగే రెండు టికెట్లు కొన్నాను, రూ.1,800 మిగిలిందని సంబరపడుతూ. పెట్టెలో మా అత్తగారికని కొన్న రెండు కిలోల బాదంపప్పు తప్ప ఏమీ లేదు. ఆ పెట్టె కోసం బెల్టు దగ్గర ముప్ఫయ్ అయిదు నిమిషాలు నిలబడ్డాను. కౌంటరు దగ్గరికి పరిగెత్తేసరికి ఆ అమ్మాయి కంప్యూటర్ మీద కవరు కప్పుతోంది. "సార్, మీ మొదటి టికెట్‌తో మాకు సంబంధం లేదు" అంది, పాపం మర్యాదగానే. ఆ రాత్రి కుర్చీల్లో పడుకుని, మర్నాడు రూ.9,400 పెట్టి విశాఖ వచ్చాను. బాదంపప్పు కిలో ఎంత పడిందో మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

ఆ అమ్మాయి అన్నది నిజమే, చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో పరిహారం గురించి రాసిన చోట "ఒకే టికెట్ నంబరు మీద ఉన్న కనెక్షన్" అనే మాట ఉంది. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే మొదటిది ఆలస్యమైనప్పుడు మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత కంపెనీదే. తర్వాతి విమానంలో సీటు వాళ్లే చూడాలి. ముందుగా చెప్పకుండా రద్దు చేసి కనెక్షన్ తప్పిస్తే, గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి రూ.7,500 లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినది, ఏది తక్కువైతే అది పరిహారంగా ఇవ్వాలి. వాతావరణం, ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) లాంటి కారణాలకు పరిహారం ఉండదు. జనవరిలో ఢిల్లీ మీదుగా వెళ్లొద్దని నేను చెప్పేది అందుకే, పొగమంచు ఎవరి ఖాతాలోకీ రాదు. మీ మొదటి విమానం ఆలస్యం గంటా ఇరవై నిమిషాలే. అలాంటి చిన్న ప్రయాణానికి రెండు గంటలు దాటితేనే టిఫిన్, కాఫీ అయినా ఇవ్వాలి. కాబట్టి ఆ రోజు మీకు కాఫీ కూడా రాదు.

ఒక్కటి మాత్రం వస్తుంది, మీరు అడిగి ఉండరు. ఎక్కని విమానం టికెట్‌లో కూడా ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయం వసూలు చేసే యూజర్ ఫీజు లాంటివి తిరిగివ్వాలి, నాన్-రిఫండబుల్ టికెట్ అయినా సరే. నలుగురి టికెట్ల మీద ఇది తీసిపారేసే మొత్తం కాదు. కంపెనీ వెబ్‌సైట్లో అడగండి. స్పందన లేకపోతే ఎయిర్‌సేవా పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇప్పుడు అసలు లెక్క. వేరు టికెట్ల వల్ల మీకు ఏడాదికి మిగిలేది మనిషికి మూడు వేల చొప్పున, నలుగురికి, మూడు ప్రయాణాలకు రూ.36,000. ఈ ఏడాది దానివల్ల పోయింది రూ.70,000. ఇంకో కాలమ్ కూడా వేద్దాం. మనిషికి రానుపోను రూ.17,000 అనుకుంటే విమానాలకే రూ.2,04,000. విశాఖ విమానాశ్రయం నుంచి కళింగపట్నం దాదాపు 140 కిలోమీటర్లు, టాక్సీలకు రూ.24,000. వాచ్‌మన్, కరెంటు, ఇంటి పన్ను, ఉప్పుగాలికి తుప్పు పట్టే గ్రిల్స్‌కి రంగులు, అన్నీ కలిపి రూ.1,05,000 వేశాను, తక్కువే. లోన్ మీద ఈ ఏడాది వడ్డీ దాదాపు లక్షన్నర. లోన్ అసలు కింద కట్టేది ఖర్చు కాదు, మీ ఆస్తే, దాన్ని కలపను. పోయిన రూ.70,000 కలిపితే మొత్తం రూ.5,53,000.

మూడు ప్రయాణాల్లో ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకున్నారు? దారిలో పోయినవి తీసేస్తే పదకొండు ఉంటాయనుకుంటున్నాను. అంటే రాత్రికి యాభై వేలు. ఆ డబ్బుకి విశాఖ బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే గది తీసుకుని నలుగురూ రాజాల్లా ఉండొచ్చు. మీ ఆవిడ కోపంలో అన్న మాటకు అంకెలు కూడా సాయం పలుకుతున్నాయి.

అయినా ఇప్పుడు అమ్మొద్దనే చెబుతాను. కారణాలు సెంటిమెంటు కాదు. సముద్రం ఒడ్డు ఇంటికి గార మండలంలో కొనేవాళ్లు రేపే దొరకరు. వచ్చినవాడు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నిర్మాణాల నియంత్రణ) అనుమతి కాగితాలు అడుగుతాడు, అతనికి లోనిచ్చే బ్యాంకూ అడుగుతుంది. అవసరం మీద అమ్మేవాడికి ధర ఎలా పలుకుతుందో మీకు తెలియంది కాదు. లాభం వస్తే దాని మీద 12.5 శాతం పన్ను. 2024 జూలై 23 కన్నా ముందు కొన్న ఆస్తి కాబట్టి, ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకు తగ్గట్టు ఖర్చును పెంచి చూపే పద్ధతి) 20 శాతం లెక్క తక్కువైతే అది ఎంచుకోవచ్చు. భోగాపురం ఎయిర్‌పోర్టు చూసి ధరలు పెరుగుతాయని ఎవరైనా చెబితే మాత్రం నవ్వి ఊరుకోండి. విజయనగరంలో కూర్చుని నేను ఆ మాట పదేళ్లుగా వింటున్నాను. భోగాపురం మీ టాక్సీ బిల్లు తగ్గిస్తుంది. విశాఖలో ఎన్‌ఏడీ, హనుమంతవాక కూడళ్ల ట్రాఫిక్ తప్పిస్తుంది. అంతేగానీ వడోదర నుంచి కనెక్షన్ బాధ తీర్చదు, కళింగపట్నం స్థలాన్ని బంగారమూ చేయదు.

మార్చాల్సింది ప్రయాణాల తీరు. మూడుసార్లు వెళ్లి నాలుగేసి రోజులు ఉండడం మానేయండి. రెండుసార్లు వెళ్లి ఎక్కువ రోజులు ఉండండి. ఇంటి ఖర్చు మీరు ఉన్నా లేకపోయినా నడుస్తుంది, టికెట్ ఖర్చు వెళ్లినప్పుడల్లా మొదటి నుంచి మొదలవుతుంది. దసరా వదులుకోవడం కష్టమే, పైడితల్లి సిరిమాను చూడకుండా పండగేమిటని నాకూ అనిపిస్తుంది. కానీ పిల్లల స్కూలు సెలవులు ఎక్కడ ఎక్కువో అక్కడే మన రోజులు పెట్టుకోవాలి.

సంక్రాంతికి విమానం, తొమ్మిది రాత్రులు. ఒకే టికెట్, మనిషికి రూ.20,000 అయినా సరే. ముంబయి కాదు, హైదరాబాద్ మీదుగా చూడండి. ఇది చాలామంది పట్టించుకోరు: కనెక్షన్ ఎంచుకునేటప్పుడు రెండో విమానం ధర కన్నా, ఆ దారిలో రోజుకు ఎన్ని విమానాలు ఉన్నాయన్నది ముఖ్యం. హైదరాబాద్–విశాఖ మధ్య రోజంతా వరసగా ఉంటాయి. ఒకటి తప్పితే సాయంత్రానికైనా చేరతారు. ముంబయి నుంచి ఆ వెసులుబాటు లేదు. మరీ పరిస్థితి చేయిదాటితే సికింద్రాబాద్ నుంచి శ్రీకాకుళం రోడ్డు (ఆముదాలవలస) స్టేషన్‌కి రాత్రి రైళ్లున్నాయి. ఆఖరి విమానం మాత్రం బుక్ చేసుకోవద్దు. భోగికి ఒకరోజు ముందు కాదు, రెండ్రోజుల ముందు బయల్దేరండి. 2025 డిసెంబర్ మొదటి వారంలో దేశమంతా వేల విమానాలు రద్దైనప్పుడు, పెళ్లిళ్లకు బయల్దేరినవాళ్ల అవస్థ గుర్తుంది కదా.

వేసవికి రైలు. మీరు వడోదరలో ఉండి ఈ రైలు వాడడం లేదంటే నాకు ఆశ్చర్యమే. అహ్మదాబాద్–పూరీ సూపర్‌ఫాస్ట్ వడోదరలో ఎక్కితే నాగ్‌పూర్, రాయ్‌పూర్, రాయగడ మీదుగా మా విజయనగరం దాటి శ్రీకాకుళం రోడ్డులోనే దిగుతారు. రైలు మారే పనే లేదు. ఒకటిన్నర రోజు ప్రయాణం, నిజమే. థర్డ్ ఏసీలో నలుగురికీ రానుపోను ఇరవై వేల లోపే. పెట్టె ఎక్కడుందా అని వెతుక్కోనక్కర్లేదు, సీటు కిందే ఉంటుంది. ఆముదాలవలస స్టేషన్లో దిగితే ఇల్లు గంట దూరం. పిల్లల్ని తీసుకుని మీ ఆవిడ ముందు వెళ్లి పదహారు రాత్రులు ఉంటే, మీరు సెలవు దొరికినన్ని రోజులు ఉండండి.

కొత్త లెక్క: సంక్రాంతి టికెట్లు రూ.80,000, రైలు రూ.20,000, టాక్సీలు రూ.11,000, ఇంటి ఖర్చు రూ.1,05,000, వడ్డీ లక్షన్నర. వీటికి తోడు రూ.25,000 వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టండి, దారిలో ఏదైనా తప్పితే అందులోంచే తీయాలి, క్రెడిట్ కార్డులోంచి కాదు. ఏ ఏడాది వాడకపోతే ఆ ఏడాదిది వచ్చే ఏడాదికి ఉంటుంది. మొత్తం రూ.3,91,000, రాత్రులు ఇరవై అయిదు. రాత్రికి దాదాపు రూ.15,600. చవకేమీ కాదు. కానీ ఇప్పుడు పడుతున్నదాంట్లో మూడో వంతు కన్నా తక్కువ.

మిగిలిన రూ.1,62,000, అంటే నెలకు రూ.13,500, లోన్‌కి కట్టేయండి. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోన్ ముందుగా కట్టినందుకు వ్యక్తుల దగ్గర బ్యాంకులు ఛార్జీ తీసుకోకూడదు. ఇలాగే వెళ్తే మీ లోన్‌కి ఇంకా పదకొండేళ్లు పడుతుంది. అలా కడితే అయిదున్నరేళ్లలో తీరిపోతుంది. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే సొంతానికి వాడుకునే ఇంటి వడ్డీకి మినహాయింపు ఎలాగూ లేదు. కాబట్టి ఆ 8.5 శాతం పూర్తిగా మీ జేబులోదే.

మీ ప్రశ్నలో కనిపించనిది ఒకటుంది, ఇంటి ఇన్సూరెన్స్. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా? భారత్ గృహ రక్ష పాలసీ తుపాను, వరద రెండింటికీ వర్తిస్తుంది. తీసుకునేటప్పుడు ఇంటికి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే ఉంటుందని ప్రపోజల్లో రాసి చెప్పండి. దాచి తీసుకుంటే క్లెయిమ్ దగ్గర గొడవ.

రెండేళ్లు ఇలా చేసి చూడండి. ఆ ఇంట్లో ఏడాదికి ఇరవై రాత్రులు కూడా నిండడం లేదంటే అప్పుడు అమ్మకం గురించి మళ్లీ రాయండి, నేను అడ్డు చెప్పను. అమ్మే ఏడాది ముందు నుంచే సీఆర్‌జెడ్, పంచాయతీ అనుమతుల కాగితాలు సర్దుకోండి.

రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు, ఉదయం ఎనిమిదింటికి తెరుస్తారు. ఏప్రిల్ చివర్లో బయల్దేరాలంటే ఫిబ్రవరి చివర్లోనే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆ పని మీ ఆవిడకు అప్పగిస్తే ఇంకా మంచిది.