అక్క చదువుతుంది, తమ్ముడు చదవడు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అబ్బాయి తొమ్మిదో తరగతి. అమ్మాయి చేతికందిన పుస్తకమల్లా చదువుతుంది. వాడు పాఠ్యపుస్తకం తప్ప ఏదీ ముట్టడు. లెక్కలు బాగానే చేస్తాడు గానీ తెలుగు, సాంఘికశాస్త్రాల్లో పెద్ద ప్రశ్నల దగ్గర మార్కులు పోగొట్టుకుంటాడు. ‘మగపిల్లలంతే, చదవడంలో ఆడపిల్లలే ముందుంటారు’ అంటున్నారు వాళ్ల టీచరు. నిజమేనా? పుట్టుకతో వచ్చినదైతే మేం చేయగలిగిందేముంది?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఆడపిల్లలు ముందుంటారన్నది నిజమే, ‘అంతే’ అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. పదిహేనేళ్ల విద్యార్థులకు ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ సంస్థ నిర్వహించే పిసా అనే అంతర్జాతీయ పరీక్షలో, 2022లో సభ్యదేశాల సగటు చూస్తే పఠనంలో అమ్మాయిలు అబ్బాయిల కంటే 24 పాయింట్లు ముందున్నారు. మన దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వారిపై ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ జరిపిన 2023 అసర్ సర్వేలోనూ, రెండో తరగతి స్థాయి పాఠాన్ని తమ భాషలో చదవగలిగినవారు అమ్మాయిల్లో 76 శాతం, అబ్బాయిల్లో 70.9 శాతం. మన రాష్ట్రంలో 2024 పదో తరగతి పరీక్షల్లో బాలికలు 89.17 శాతం, బాలురు 84.32 శాతం ఉత్తీర్ణులయ్యారు. అది చదవడానికి మాత్రమే పెట్టిన పరీక్ష కాదనుకోండి.

అయితే ఇవన్నీ సగటులు. అబ్బాయిల్లోనే బాగా చదివేవాడికీ చదవలేనివాడికీ ఉన్న దూరం ముందు ఈ తేడా చాలా చిన్నది. పైగా ఓఈసీడీయే పెద్దవాళ్లకు పెట్టిన అక్షరాస్యత పరీక్షల్లో స్త్రీపురుషుల మధ్య ఈ అంతరం దాదాపు కనిపించదు. పుట్టుకతో ఖాయమైపోయిన లోపమే అయితే పెద్దయ్యాక ఎక్కడికి పోతుంది? ఇష్టంగా, తమంతట తాము చదివే అలవాటు అబ్బాయిల్లో తక్కువగా ఉండటానికీ ఈ వెనుకబాటుకూ దగ్గరి సంబంధం ఉన్నట్టు పిసా ఫలితాలు చూపించాయి. బిట్ల లాంటి ప్రశ్నల్లో కంటే సొంత మాటల్లో జవాబు రాయవలసిన ప్రశ్నల్లోనే అంతరం ఎక్కువ. మీరు రాసినదీ అదే కదా.

హైస్కూలు పిల్లలతో చదివించేటప్పుడు నేను తరచుగా చూసే సంగతి ఒకటి చెబుతాను. పిల్లవాడు పేరా మొత్తం గడగడా చదివేస్తాడు, ఒక్క తప్పూ పోదు. ‘దీనివల్ల రైతులు నష్టపోయారు’ అన్న వాక్యం దగ్గర ఆపి, ‘దేనివల్ల?’ అని అడిగితే పైవాక్యం వైపు చూడడు, నా ముఖం వైపు చూస్తాడు. అక్షరం వచ్చింది గానీ వాక్యానికీ వాక్యానికీ ముడి పడలేదు. ఆ ముడి రోజూ చదవగా చదవగా పడేదే తప్ప ట్యూషన్‌లో నోట్సు బట్టీపట్టిస్తే పడదు.

కాబట్టి రోజుకు పదిహేను నిమిషాలు చాలు, వాడికి నచ్చినదే చదవనివ్వండి. క్రికెట్ మ్యాచ్ గురించి పత్రికలో వచ్చిన పెద్ద కథనమైనా సరే. చదివాక ‘ఎందుకు ఓడిపోయారంటావు?’ అని అడిగి, జవాబు నాలుగు వాక్యాల్లో రాయమనండి. వీలైతే ఆ సమయంలో వాళ్ల నాన్నగారు కూడా పేపరో పుస్తకమో పట్టుకుని పక్కన కూర్చోవాలి. ఇంట్లో అమ్మా అక్కా మాత్రమే చదువుతుంటే చదవడం ఆడవాళ్ల పనని పిల్లవాడు అనుకోవడంలో వింతేముంది? ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి ఒక ఆదివారం తీసుకువెళ్లి, పుస్తకం వాణ్నే ఎంచుకోనివ్వండి. ‘అక్కను చూసి నేర్చుకో’ అన్న మాట మాత్రం దయచేసి అనకండి.

తొమ్మిదో తరగతిలోనూ మామూలు పదాలను కూడబలుక్కుని చదువుతున్నా, వరుసలు తప్పుతున్నా అది బద్ధకం కాదు. ముందు కళ్లు పరీక్ష చేయించి, ఆ తర్వాత డిస్లెక్సియా (తెలివితేటలున్నా చదవడం కష్టమయ్యే సమస్య) ఉందేమో పిల్లల వైద్యుణ్ని అడగండి.

మీ అమ్మాయి గురించి కూడా ఒక మాట. అదే అసర్ సర్వేలో ఇంగ్లీషు చదవడంలోనూ లెక్కల్లోనూ అబ్బాయిలు ముందున్నారు. ఆమె తెలుగు పుస్తకాలు అంత ఇష్టంగా చదువుతోంది కాబట్టి అన్నీ సవ్యంగానే ఉన్నాయని వదిలేయకుండా, ఆ రెండింటిలో ఎలా ఉందో ఒకసారి పక్కన కూర్చుని చూడండి.