"నికోటిన్ లేని వేప్" అని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే ఫిర్యాదు ఎలా చేయాలి?

మీ ప్రశ్న ఇదీ: ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ "నికోటిన్ లేదు, ఫ్లేవర్ మాత్రమే" అంటూ వేప్‌లు (ఈ-సిగరెట్లు) అమ్ముతోంది, హైదరాబాద్‌లో ఇంటికే పంపిస్తానంటోంది. ఇది చట్టబద్ధమేనా? కాకపోతే ఎవరికి చెప్పాలి?

చట్టబద్ధం కాదండీ. చాలామంది బోల్తా పడేది ఆ "నికోటిన్ లేదు" దగ్గరే. 2019 నాటి ఈ-సిగరెట్ల నిషేధ చట్టం నికోటిన్ ఉందా లేదా అని చూడదు. ఏదో ఒక పదార్థాన్ని వేడిచేసి పీల్చుకునే ఆవిరిగా మార్చే ఎలక్ట్రానిక్ పరికరమైతే చాలు, నిషేధంలోకి వచ్చేస్తుంది. ఈ-హుక్కా కూడా అంతే. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్స్ ఉన్న ఉత్పత్తికే మినహాయింపు. డబ్బా మీద "హెర్బల్" అని అచ్చు వేసుకున్నంత మాత్రాన లైసెన్స్ వచ్చినట్టు కాదు.

అమ్మడం, రవాణా, ప్రకటన అన్నీ నేరాలే. ఆన్‌లైన్ అమ్మకం, సోషల్ మీడియా ప్రచారం కూడా అందులోనే ఉన్నాయి. అంటే పొగ వదులుతూ "లింక్ బయోలో ఉంది" అని రీల్ చేసిపెట్టినవాడు "నేను అమ్మలేదుగా" అంటే కుదరదు. మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే 3 ఏళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ చేస్తే 6 నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇక ఫిర్యాదు. అందరూ చేసే పొరపాటు, చూడగానే యాప్‌లో రిపోర్ట్ కొట్టడం. పేజీ ఎగిరిపోతే మీ చేతిలో ఆధారం ఉండదు, వాడు సాయంత్రానికి ఇంకో పేరుతో తెరుస్తాడు. కాబట్టి ముందు ఆధారాలు. ప్రొఫైల్ లింక్, ఒక్కో పోస్టు లింక్ కాపీ చేసుకోండి. పేరు ఒక్కటే రాసుకుంటే రేపు మార్చేస్తాడు. ప్రొఫైల్ నుంచి పోస్టుకి, అక్కణ్ణుంచి వాట్సాప్ నంబరుకి వెళ్ళేదాకా ఆపకుండా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. విడివిడి స్క్రీన్‌షాట్లయితే నంబరుకీ పేజీకీ సంబంధం తేలదు. స్టోరీలు 24 గంటల్లో పోతాయి, వాటిని ముందు పట్టండి. యూపీఐ ఐడీ కనిపిస్తే రాసుకోండి. ఆధారం కోసమని మాత్రం ఆర్డర్ పెట్టకండి.

ఇవన్నీ కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో తెరిచిన వయొలేషన్-రిపోర్టింగ్ డాట్ ఇన్ పోర్టల్లో పెట్టండి. స్థానిక పోలీసులకూ రాతపూర్వకంగా ఇవ్వండి, ఈ చట్టం కింద సోదా చేసే అధికారం ఎస్సై స్థాయి నుంచే ఉంది. యాప్‌లో రిపోర్ట్ ఆఖర్న.

ఇంట్లో ఎవరైనా ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయి ఉంటే, అది వేరే దారి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కొన్నది నిషిద్ధ వస్తువని సిగ్గుపడి ఊరుకుంటారనే ఈ పేజీల ధైర్యం.

కింద కామెంట్లలో ఒకరు "అమెరికా నుంచి వచ్చే బావతో ఒకటి తెప్పించుకుంటే?" అని అడిగారు. దిగుమతీ నిషేధమే. సొంతానికి ఒక్కటే అన్నా కుదరదు. విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి మద్యానికి 2 లీటర్ల దాకా వెసులుబాటు ఉంది గానీ, దీనికి లేదు.