సరుకులు అందుతున్నాయి, పరిచయం పెరగడం లేదు – సమాధానం

సహోదరీ, వందనాలు. మీ క్రైస్తవ సంఘం తరఫున పేద కుటుంబాలకు నెలనెలా సరుకులు పంచుతున్నా, తీసుకెళ్లేవాళ్ల పేర్లు కూడా తెలియడం లేదని బాధపడ్డారు. ఆ బాధ మంచిదే. అందరినీ ఒకేసారి చూసుకోవాలనుకోకండి. ఇద్దరిద్దరు జట్టుగా ఒకట్రెండు కుటుంబాలనే పట్టుకోండి. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్, తోటి విద్యార్థులు మొదలుపెట్టిన విన్సెంట్ డీ పాల్ సంఘం కూడా పేదల ఇళ్లకు వెళ్లి పలకరించడాన్నే తన ముఖ్యమైన పనిగా పెట్టుకుంది.

ఫలానా రోజు రావచ్చా అని ముందే అడగండి. ఫొటోలు వద్దు, అసలే వద్దు. మంచం అంచున చోటు చూపిస్తే అక్కడే కూర్చోండి, మంచినీళ్లిస్తే తాగండి. గుడ్డివాడైన బర్తిమయికి ఏం కావాలో అందరికీ తెలుస్తున్నా, యేసు అతన్నే అడిగాడు (మార్కు 10:51). మీరూ అడగండి. సరుకులకన్నా ఆసుపత్రికి తోడు రమ్మంటారేమో, దరఖాస్తు నింపిపెట్టమంటారేమో. వెళ్లండి.

ప్రార్థన చేయమంటారా అని అడగవచ్చు. వద్దంటే నొచ్చుకోకండి, ప్రార్థనకు వస్తేనే సాయం అన్న అనుమానం మాత్రం రానివ్వకండి.

డబ్బు అవసరమైతే మీ చేతి అప్పుగా ఇవ్వకండి. అప్పు పడితే వాళ్లే మొహం చాటేస్తారు. జట్టులో మాట్లాడుకుని సంఘం నిధి నుంచి, తిరిగి అడగని సాయంగా ఇప్పించండి.