ఫ్రిజ్ ఆగుతది, మిషన్ ఆగదు

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ. ఇంట్లనే బ్లౌజులు కుడుత. పొదుపు సంఘంల ఉన్న. మా ఆయన ఆటో నడుపుతడు. ముప్పై వేల ఫ్రిజ్, అంతే ధరల పవర్ మిషన్ కొనాలె. కొత్తగ క్రెడిట్ కార్డు వచ్చింది, దాని మీదనే తెద్దామంటడు ఆయన. తెలిసిన షాపాయనేమో "నెలకు మూడు వేలు కట్టు, పది నెలలైనంక సామాను తీస్కపో, మిత్తి లేదు" అంటుండు. ఏది మంచిది?

జవాబు: చెల్లె, షాపాయన చెప్పింది కొత్త ముచ్చటేం కాదు. నా చిన్నప్పుడు నల్గొండ ప్రకాశం బజారుల మా అమ్మ ఒక ఇత్తడి బిందె ఏరుకుంటే, దుకాణపాయన దాని కడుపు మీద సుద్దముక్కతో అమ్మ పేరు రాసి అటక మీద పెట్టిండు. పెరుగు అమ్మిన పైసలు వారం వారం కట్టింది. బిందె ఇంటికొచ్చినంక కూడా ఆ సుద్దగీత తుడవనీయలేదు, నీళ్లకు అదే పోయింది. అమెరికాలో దీన్ని లేఅవే అంటరు, 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్ల బాగ నడిచింది. వాల్‌మార్ట్ 2006లో ఆపి, 2011లో మళ్ల తెచ్చి, 2021లో వదిలేసింది. ఇప్పుడు అక్కడ కూడా ముందు సామాను, తర్వాత కిస్తీ.

మీ ఆయనకు కార్డు లెక్క మన లెక్కల చెప్పండి. మూడున్నర రూపాయల మిత్తి అనండి. ఊళ్లె ఎవరన్న అంత అడిగితే దండం పెట్టి వస్తం కదా! ముప్పై వేల మీద నెలకు 1,050, ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ 189, మొత్తం 1,239. మీరు 1,500 కట్టి నిమ్మలంగ కూసుంటే అసలుల తగ్గేది 261 రూపాయలు. పైగా బాకీ ఉన్నన్ని రోజులు కొత్తగ ఏం కొన్నా కొన్ననాటి నుంచే మిత్తి. మిర్యాలగూడ బ్యాంకు కౌంటర్ల ఉన్నప్పుడు ఈ బిల్లు పట్టుకొని "కడుతనే ఉన్న మేడం, తగ్గుతలేదు" అన్నోళ్లను ఎందరినో చూసిన. గడువులోపు మొత్తం కట్టగలిగితేనే కార్డు. ఆటో పైసలు రోజు ఒక్క తీరుగ రావు, అది మీకే ఎరుక.

అట్లని షాపాయన చేతిల కండ్లు మూసుకొని పెట్టకండి. నేనే ఒక బంగారం దుకాణంల ఏడు నెలలు కట్టిన. ఎనిమిదో నెల పోతే షట్టర్‌కు తాళం. ఏడు ముద్రల ఆ కార్డు ఇంకా నా బీరువాలనే ఉన్నది. బ్యాంకుల ఉన్న పైసలకు ఐదు లక్షల దాకా బీమా ఉంటది, దుకాణంల కట్టినదానికి ఏమీ ఉండదు. బంగారం స్కీములు పదకొండు నెలలకే ఎందుకు ఆగుతయో తెలుసా? కంపెనీలు సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల్ల సరుకు ఇయ్యకుంటే అది డిపాజిట్ లెక్కలకు పోతది, రూల్స్ మీద పడతయి.

కాబట్టి ఫ్రిజ్ షాపుల కట్టాలనుకుంటే మోడల్ నంబరు, ఇయ్యాల్టి ధర, మధ్యల మానుకుంటే ఎంత తిరిగిస్తరో దుకాణం ముద్రతోటి రాయించుకోండి. "మనోళ్లమే కదక్కా" అని నవ్వితే, ఆ మూడు వేలు బ్యాంకుల ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, కట్టుకోండి. పది నెలలైనంక రొక్కం చేతిల పట్టుకొని పోతే ధర మీరే అడుగొచ్చు. నేనైతే ఇదే చేస్త.

మిషన్ సంగతి వేరే. అది వచ్చిన రోజు నుంచే సంపాదిస్తది. దాన్ని పది నెలలు షాపుల పెట్టి కిస్తీ కడితే, రెండు పెండ్లిళ్ల సీజన్లు చెయ్యి జారినట్టే. దానికి కార్డు కూడా వద్దు. సంఘంల అప్పు రూపాయి మిత్తికి అటూ ఇటూగ దొరుకుతది, వచ్చే మీటింగుల పేరు రాయించండి. ఫ్రిజ్‌కు ఈ నెల మొదలుపెట్టండి. అందాక చల్లనీళ్లకు మట్టి రంజన్ ఉండనే ఉండె.