తండ్రి తప్పుకున్న చోట

"సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న మా మూడేళ్ల బాబుకు రోజూ రెండు గంటలు వ్యాయామాలు చేయిస్తున్నాను. ఇంకో గంట పెంచితే త్వరగా నడుస్తాడా? నన్ను చూడగానే వాడు ఒళ్లు బిగబట్టి ముఖం తిప్పుకుంటాడు. నానమ్మ దగ్గర మాత్రం నవ్వుతాడు. మావారు మంచివారే, ఖర్చుకు వెనుకాడరు. ఒకసారి ఆయన తినిపిస్తుంటే పొలమారింది, నేను కేకలేసి బాబును లాక్కున్నాను. అప్పటి నుంచి 'నీకే బాగా తెలుసు' అంటూ ముట్టుకోరు. ఈ మధ్య నాకు ఏడుపు కూడా రావడం లేదు." — ఒక తల్లి

అమ్మా, మరో గంట సంగతి బాబును పరీక్షించే ఫిజియోథెరపిస్టు తేల్చవలసినది. కదలికల సామర్థ్యాన్ని బట్టి ఈ పిల్లలను అయిదు స్థాయులుగా చూసే పద్ధతి 1997 నుంచి ఉంది. మీ బాబు ఏ స్థాయిలో ఉన్నాడో అడిగితే నడక మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో వారే చెబుతారు. ఆ ప్రశ్నను ఇంతటితో వదిలేద్దాం.

బాబుకు మీరంటే అయిష్టమని మాత్రం అనుకోకండి. ఈ స్థితిలో ఉన్న చాలామంది పిల్లలకు సంతోషం ఎక్కువైనా కండరాలు బిగుసుకుంటాయి, తల తమ ప్రమేయం లేకుండానే పక్కకు తిరుగుతుంది. వాళ్ల నవ్వు ఆలస్యంగా వస్తుంది, ఎదుట ఉన్నవారు తొందరపడకుండా ఆగితేనే కనిపిస్తుంది. నానమ్మకు అలా ఆగే తీరిక ఉంది. మీకు ఆ తీరిక ఎందుకు లేకుండా పోయిందో, మీ భర్త గురించి మీరు రాసిన నాలుగు మాటల్లోనే ఉంది.

ఒక్క కేకకు నొచ్చుకుని కన్నబిడ్డను ముట్టుకోకుండా ఉండిపోవడాన్ని నేను మంచితనం అనలేను. ఖర్చు భరించినంత మాత్రాన తండ్రి బాధ్యత తీరదు; భార్య కోప్పడిందని దాన్ని వదులుకునే హక్కు ఏ తండ్రికీ లేదు. అయితే బిడ్డను ఆయన చేతుల్లోంచి తీసుకున్నది మీరు. పొలమారిన బిడ్డను చూసిన తల్లి కేక వేయడంలో తప్పేమీ లేదు గానీ, భయం తీరాక కూడా మీరు బిడ్డను మళ్లీ ఆయన చేతికి ఇవ్వలేదు. వైకల్యం ఉన్న చిన్నపిల్లల కుటుంబాలపై పరిశోధకుడు కార్ల్ డన్‌స్ట్, ఆయన సహచరులు 1986లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులకు దొరికే ఆసరా వారి మనశ్శాంతితోనే కాక, పిల్లలతో ఆడుకునే అవకాశాలతోనూ, పిల్లల ఎదుగుదలతోనూ ముడిపడి ఉన్నట్టు తేలింది. మీకు దొరకవలసిన మొదటి ఆసరా మీ ఇంట్లోనే ఉండి కూడా మీకు అందడం లేదు.

ఈసారి థెరపీకి ఇద్దరూ వెళ్లండి. బాబును నిటారుగా కూర్చోబెట్టడం, తల వెనక్కి వాలకుండా చూడడం, చిన్న ముద్ద పెట్టి మింగేదాకా ఆగడం ఆయనకు, మాటతో పాటు మింగడంలో ఇబ్బందులనూ చూసే స్పీచ్ థెరపిస్టే నేర్పాలి. మీరు నేర్పితే ఆయన ప్రతి ముద్దకూ మీ ముఖం చూస్తారు. అక్కడ నేర్చుకున్న తర్వాత రోజుకు ఒక పూట తినిపించడం పూర్తిగా ఆయనకే అప్పగించి, మీరు ఆ గదిలో ఉండకండి. దొరికిన సమయాన్ని ఇంకో వ్యాయామానికి మళ్లించకండి. అలసట తీరాక బాబు ఎదుట కూర్చుని, ఒక్కసారి పలకరించి, వాడు బదులు ఇచ్చేదాకా మాట్లాడకుండా ఉండండి.

ఆయన రానంటే ఈ ఉత్తరం, నా జవాబు రెండూ ఆయన చేతికివ్వండి. అత్తగారితో రాయబారం పంపవద్దు.

ఏడుపు కూడా రాకపోవడాన్ని తేలికగా తీసుకోకండి. ఆ స్థితి రెండు వారాలు దాటి ఉంటే మానసిక వైద్యులను కలవండి. ఆలోచనలు చావు వైపు మళ్లుతుంటే ఈ రోజే వెళ్లండి, ఆయనను వెంటబెట్టుకుని వెళ్లండి.