గని పక్క బావి

ప్రశ్న: సార్, మా ఊరు భూపాలపల్లి దగ్గర. ఓపెన్‌కాస్ట్ (పైనుంచే భూమిని తవ్వి బొగ్గు తీసే) గని పడ్డాక మా వ్యవసాయ బావి ఎండింది. గనిలోంచి తీసి పోసిన మట్టి గుట్టల మీద మొక్కలు నాటి, పర్యావరణం కాపాడుతున్నాం అంటున్నారు గనివాళ్లు. మాకేం ఒరిగింది?
– ఒక రైతు

జవాబు: తమ్ముడూ, గనుల్లో సర్వేయర్‌గా చేసి రిటైరైనవాణ్ని, ఉన్నదున్నట్టు చెబుతా. గని అడుగు మీ బావి కన్నా ఎంతో లోతు. బొగ్గు తీయాలంటే ఊటనీళ్లను రాత్రింబవళ్లు పంపులతో తోడాలి. దాంతో చుట్టుపక్కల భూగర్భజలం గని వైపే జారుతుంది. గుట్ట మీద ఎన్ని మొక్కలు నాటినా మీ బావిలోకి ఆ నీళ్లు రావు. (మొక్కలు వద్దనను. దుమ్ము కొంత ఆగుతుంది, ఫొటోలూ బాగొస్తాయి.)

మీరు పట్టుకోవాల్సింది జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధిని, అంటే గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం పెట్టిన నిధిని. 2015లో గనుల చట్టం సవరించి తెచ్చారు. 2015 జనవరి 12కు ముందిచ్చిన లీజులైతే, గనివాళ్లు ప్రభుత్వానికి ఖనిజం మీద కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము అదనంగా అందులో జమ కావాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు దాని ముఖ్య ప్రాధాన్యాలు. గ్రామసభలో తీర్మానం రాయించి కలెక్టర్‌కు ఇవ్వండి. ఉత్త అర్జీ ఫైళ్లలో పడుంటుంది, అందుకే బావి నీటిమట్టం నెలనెలా కొలిచి, తేదీతో రాసి జతచేయండి. గని యాజమాన్యం తన పర్యావరణ అనుమతి షరతుల అమలుపై ఆర్నెల్లకోసారి నివేదిక ఇవ్వాలి. ఆ కాపీని సమాచార హక్కు కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగండి.