ఒక్క పూటలో వైజాగ్ నుంచి భీమిలి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు సముద్రం ఒడ్డున ఉన్న పాత చోట్లు కారు మాట్లాడుకుని ఒక పూటలో ఎలా చూడాలి అన్నదాని మీదే ఉన్నాయి, అందుకని ఈ వారం అవే తీసుకున్నాం.

ప్రశ్న: వచ్చే నెల పెళ్లికి హైదరాబాద్ నుంచి వైజాగ్ వస్తున్నాం. ఆదివారం పొద్దున్న పూటే ఖాళీ, మధ్యాహ్నం భోజనం టైముకి పెళ్లివారింట్లో ఉండాలి. మా నాన్నగారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, ఆయనకి పార్కులూ బీచ్‌లూ వద్దట, పాతవి చూడాలట. ఏవేం చూడొచ్చు, ఏది ముందు ఏది వెనక? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ నాన్నగారికి నచ్చేవి వైజాగ్‌లో చాలానే ఉన్నాయండి, కాకపోతే ఊళ్లో ఎవర్ని అడిగినా ముందు కైలాసగిరి, రుషికొండ అనే చెప్తారు, అవి బాగానే ఉంటాయి గానీ మీకున్న ఆ ఒక్క పూటా వాటికే అయిపోతుంది. మీరు భీమిలి బీచ్ రోడ్డు పట్టుకోండి. ఆర్కే బీచ్ నుంచి పాతిక ముప్పై కిలోమీటర్ల లోపలే బౌద్ధుల ఆరామాలు, మంచుయుగం నాటి ఎర్ర ఇసక, డచ్చి వాళ్ల సమాధులు, బ్రిటిష్ వాళ్ల లైట్‌హౌసు అన్నీ ఒకే రోడ్డు మీద వస్తాయి, ఆంధ్రా తీరంలో ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని కాలాలు కనిపించే రోడ్డు ఇంకోటి ఉందని నేననుకోను.

ముందు వెనకల సంగతికొస్తే, దారిలో ఎక్కడా ఆగకుండా తిన్నగా భీమిలి వెళ్లిపోండి, తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కటీ చూసుకుంటూ రండి. చాలామంది దీనికి ఉల్టాగా చేస్తారు, ప్రతి బీచ్ దగ్గరా ఫొటోలకి దిగుతూ భీమిలి చేరేసరికి పదకొండు దాటిపోతుంది, ఆ ఎండలో నీడలేని సమాధుల మధ్య పెద్దవాళ్లు రెండు నిమిషాలు కూడా నిలబడలేరు. తెల్లవారుజామున ఐదు, ఐదున్నరకి బయల్దేరితే సూర్యోదయానికి భీమిలిలో ఉంటారు, మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు, గోస్తనీ నది సముద్రంలో కలిసేది కూడా అక్కడే. తర్వాత డచ్ సమాధులు, 1864లో ప్రార్థనలకి తెరిచిన సెయింట్ పీటర్స్ చర్చి, 1868 నాటి లైట్‌హౌసు, గడియారస్తంభం, ఇవన్నీ దగ్గర దగ్గరే, కారు ఒకచోట పెట్టేసి నడిచి చూడటమే మంచిది. అక్కడే టిఫిన్ చేసేసి ఎనిమిదింటికల్లా ఎర్రమట్టి దిబ్బలు, తొమ్మిది తొమ్మిదిన్నరకి బౌద్ధుల ఆరామం ఉన్న తొట్లకొండ, పదకొండున్నరకి సిటీలో ఉంటారు. ఒకవేళ ఆలస్యమైనా మిగిలిపోయేది సిటీకి దగ్గర్లో ఉన్నదే కాబట్టి ఇంకోసారి వచ్చినప్పుడు తేలిగ్గా చూసేయొచ్చు.

ఇంకొక్క మాట, బావికొండ, పావురాలకొండ అనే మరో రెండు బౌద్ధ కొండలు కూడా ఇందులోనే ఇరికించాలని చూడకండి. రెండూ మంచివే, బావికొండని 1982 నుంచి 87 దాకా తవ్వారు, ధాతువులు, అంటే పవిత్రంగా చూసుకున్న అస్థికలు, పెట్టిన భరిణెలు దొరికాయి అక్కడ. కానీ ఒక పూటలో ఒక్క బౌద్ధ కొండనే నిదానంగా చూస్తే ఆ కొండ గుర్తుండిపోతుంది, మూడూ పరిగెత్తి చూస్తే ఏ స్తూపం ఎక్కడ చూశామో కూడా గుర్తుండదు.

ప్రశ్న: కారు ఎలా మాట్లాడుకోవాలి? నాలుగు గంటల ప్యాకేజీ సరిపోతుందా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: సరిపోదండి. మామూలుగా లోకల్ ప్యాకేజీలు రెండుంటాయి, 4 గంటలు 40 కిలోమీటర్లు ఒకటి, 8 గంటలు 80 కిలోమీటర్లు ఒకటి. భీమిలికి రానూపోనూ దాదాపు 60 అవుతుంది, మధ్యలో కొండ ఎక్కి దిగటాలు కలిపితే ఇంకాస్త, అందుకని చిన్నది తీసుకుంటే అదనపు కిలోమీటర్లకీ గంటలకీ కలిపి చివర్లో పెద్దదానంత పడుతుంది, పైగా మీటరు గుర్తొచ్చి మీరే తొందరపడతారు. 8 గంటలదే తీసుకోండి, ఆరు గంటల్లో వచ్చేసినా పరవాలేదు. ఎల్లో ప్లేట్ బండే, అంటే టాక్సీగా రిజిస్టరైనదే తీసుకోండి, ఎవరిదో సొంత కారు తక్కువకి వస్తుందని ఒప్పుకుంటే రేపేదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది. ముందురోజే ఫోన్‌లో డ్రైవర్‌తో మీరు మాట్లాడండి, ట్రావెల్స్ వాళ్లతో మాత్రమే కాదు, ఎందుకంటే ట్రావెల్స్ వాళ్లు సరే అన్నవి డ్రైవర్‌కి చేరకపోవచ్చు. ఎక్కడెక్కడ ఆగాలో, ఎంతసేపు వెయిటింగో, తొట్లకొండ పైదాకా బండి ఎక్కించాలో చెప్పేయండి, డచ్ సమాధులు అంటే అర్థం కాకపోతే భీమిలి బీచ్ దగ్గర దింపమని చెప్పి అక్కడ ఎవర్నైనా అడగండి.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిక్షేపంగా తీసుకెళ్లండి. తొట్లకొండ పేరు విని మెట్లు ఉంటాయేమో అని భయపడతారు గానీ పైదాకా కారు వెళ్తుంది, దిగాక నడక అంతా ఎక్కువగా చదునైన నేల మీదే. సమాధులూ నేల మీదే. కష్టమయ్యేది ఒక్క ఎర్రమట్టి దిబ్బలే, లోపల వదులు ఇసకలో కాలు దిగబడుతుంది, అమ్మగారిని పైన అంచు దగ్గరే కూర్చోబెట్టండి, అక్కణ్ణుంచీ బాగా కనిపిస్తుంది. మంచినీళ్లూ గొడుగూ మాత్రం కారులో పెట్టుకోండి, ఎండాకాలం అయితే అసలు వద్దు, కార్తీకం నుంచి మాఘం దాకా హాయిగా ఉంటుంది.

ప్రశ్న: తొట్లకొండ వెళ్లొచ్చాం, ఇటుకల పునాదులు తప్ప ఏం కనపడలేదు. అందులో అంత చూడాల్సింది ఏముంది? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరలా అనటంలో తప్పేం లేదు, అక్కడ ఏం చూస్తున్నామో చెప్పేవాళ్లు పక్కన లేకపోతే ఎవరికైనా ఇటుకలే కనిపిస్తాయి. ఈసారి వెళ్తే నేను చెప్పిన వరసలో చూడండి.

ముందు నీళ్లు చూడండి. ఆ కొండ సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తులో ఉంది, పైన వాగూ లేదు చెరువూ లేదు, మరి అంతమంది భిక్షువులు ఏళ్ల తరబడి ఎలా బతికారు? రాతిని తొలిచి తొట్లు చేసి వాననీళ్లు పట్టుకున్నారు, ఇప్పటికీ వాటిలో నీళ్లు నిలుస్తాయి. తర్వాత విహారాలు, అంటే భిక్షువుల గదులు, ఒక్కొక్కటీ ఎంత చిన్నదో మధ్యలో నిలబడి చేతులు చాపి చూడండి. ఆ తర్వాత వంటశాల, భోజనశాల, స్తంభాల హాలు, రాళ్లు పరిచిన బాట. ఇవన్నీ అయ్యాకే మహాస్తూపం దగ్గరికి వెళ్లండి, ఎందుకంటే అప్పటికి ఇది ఖాళీ కొండ కాదు, మనుషులు వండుకుని తిని పడుకుని చదువుకున్న ఊరు అని మీకు అర్థమై ఉంటుంది.

ఇక ఇక్కడే ఎందుకు కట్టారంటే, స్తూపం దగ్గర నిలబడి తూర్పుకి తిరిగితే సముద్రం కనిపిస్తుంది కదా, జవాబు అదే. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి, అంటే ఓడల మీద వ్యాపారం చేసేవాళ్లతో ఈ కొండకి సంబంధం ఉంది, వర్తకులు దానాలు ఇచ్చేవాళ్లు, భిక్షువులు ఈ తీరం వెంట వచ్చీపోయేవాళ్లు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 3వ శతాబ్దం దాకా ఇక్కడ హీనయానం, అంటే బౌద్ధంలో పాత శాఖ, వర్ధిల్లింది. తర్వాత ఎన్నో వందల ఏళ్లు మట్టి కింద ఉండిపోయి, 1970ల్లో నేవీ వాళ్లు విమానంలో సర్వే చేస్తుంటే బయటపడింది, 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. 2019లో భారీ వానలకి మహాస్తూపం కూలిపోతే తర్వాత బాగుచేశారు. దయచేసి దాని మీదకి ఎక్కకండి, ప్రీ-వెడ్డింగ్ షూట్‌లకి ఇటుకల మీద నిలబడేవాళ్లని చూస్తే నిజంగా కడుపు తరుక్కుపోతుంది, రెండువేల ఏళ్లు నిలిచినదాన్ని ఒక ఫొటో కోసం అరగదీస్తున్నారు.

కొండ దిగి మంగమారిపేట బీచ్‌లో సముద్రం తొలిచిన రాతి తోరణం కూడా చూడండి, ఐదు నిమిషాల పని.

ప్రశ్న: భీమిలికి డచ్చి వాళ్లు ఎందుకొచ్చారు, ఎప్పుడు వెళ్లిపోయారు? ఎర్రమట్టి దిబ్బలు కూడా వాళ్లు తవ్వినవే అని మా ఫ్రెండ్ అంటోంది, నిజమేనా? – ఒక డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: రెండోది అస్సలు కాదమ్మా. ఎర్రమట్టి దిబ్బలు మనుషులు చేసినవి కావు. వెనకటి మంచుయుగంలో సముద్రం బాగా వెనక్కి వెళ్లిపోయినప్పుడు బయటపడ్డ ఇసకని గాలి తెచ్చి గుట్టలుగా పోసింది, అందులోని ఇనుము గాలీ తేమా తగిలి తుప్పుపట్టినట్టయి ఆ రంగొచ్చింది, తర్వాత వానలు కోసి కోసి ఆ లోయలు చేశాయి. ఇలాంటి తీరపు ఎర్ర ఇసక తమిళనాడులోనూ శ్రీలంకలోనూ కొంత ఉంది, అంతకుమించి చాలా అరుదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. రాతియుగపు పనిముట్లూ దొరికాయి అక్కడ. అంచుల మీద నుంచి జారటం, మట్టి సంచుల్లో నింపుకోవటం చేస్తే దిబ్బ కరిగిపోతుంది, మళ్లీ పెరగదు, మీ ఫ్రెండ్‌కి ఇది కూడా చెప్పు.

డచ్చి వాళ్ల సంగతికొస్తే, వాళ్ల ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. వాళ్లకి అసలు కావల్సింది ఇండోనేషియా దీవుల్లో దొరికే జాజికాయ, లవంగం లాంటి మసాలా దినుసులు. అక్కడివాళ్లు వాటికి బదులు మన నూలు బట్టలు అడిగేవాళ్లు, అందుకని బట్టల కోసం కోరమాండల్ తీరానికి, అంటే మన తూర్పు తీరానికి వచ్చారు. మచిలీపట్నం, పులికాట్, నరసాపురం, పాలకొల్లు, కాకినాడ పక్కన జగన్నాథపురం, అలా వచ్చి వచ్చి 17వ శతాబ్దంలో భీమిలిలోనూ కాలు పెట్టారు. అప్పట్లో ఇదంతా గోల్కొండ కిందే ఉండేది. నది సముద్రంలో కలిసే చోటు కాబట్టి చిన్న పడవలకి అనువు, చుట్టుపక్కల నేతగాళ్లు, ఇంకేం కావాలి వర్తకానికి. చివరికి ఇంగ్లీషు వాళ్లకీ వాళ్లకీ ఒప్పందం కుదిరి 1825లో భీమిలిని ఇంగ్లీషు వాళ్లకి అప్పజెప్పేశారు. ఇంగ్లీషు వాళ్ల కాలంలో కూడా ఊరు వెలిగింది, 1861లోనే మునిసిపాలిటీ అయింది, దేశంలోని బాగా పాత మునిసిపాలిటీల్లో అదొకటి. 1933లో వైజాగ్ హార్బర్ తెరిచాక పెద్ద ఓడలన్నీ అటు వెళ్లిపోయి భీమిలి నెమ్మదించింది, ఇవాళ మనకి పాత ఊరు పాత ఊరులా కనిపిస్తోందంటే కొంత అందుకే.

సమాధుల దగ్గర రాతి మీద చెక్కిన అక్షరాలు ఓపిగ్గా చూడు, డచ్చి రాకపోయినా పేర్లూ సంవత్సరాలూ తెలుస్తాయి, ఎంత చిన్న వయసులో పోయారో లెక్కేసుకుంటే ఈ వ్యాపారానికి వాళ్లు కూడా ఎంత మూల్యం ఇచ్చారో తెలుస్తుంది. గేటుకి తాళం వేసి ఉంటే చుట్టుపక్కల వాళ్లని అడుగు, గోడ దూకొద్దు.

ప్రశ్న: మాకు మధ్యాహ్నం నుంచే ఖాళీ, అదీ సోమవారం. కుదురుతుందా? – ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: కుదురుతుంది గానీ వరస మార్చండి. చీకటి పడితే తొట్లకొండ మీదకి పంపరు కాబట్టి రెండున్నరకి ముందు అదే, తర్వాత దిబ్బలు, చివర్లో భీమిలి. సూర్యుడు కొండల వెనక దిగిపోతాడు కాబట్టి సముద్రం మీద సూర్యాస్తమయం ఆశించకండి. మంగళవారానికి మార్చుకోగలిగితే మాత్రం తిరిగొచ్చాక ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం కూడా చూడొచ్చు, సోమవారం దానికి సెలవు. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన రష్యా తయారీ సబ్‌మెరైన్ అది, 2002 నుంచి జనానికి తెరిచారు, లోపల అంత ఇరుకులో మనుషులు నెలలు ఎలా గడిపారో చూస్తే పిల్లలకి బాగా గుర్తుంటుంది. మెట్ల దగ్గర తల జాగ్రత్త. పక్కన మురీ మిక్చర్ తినండి.

ప్రశ్న: భీమిలిలో స్నానం చేయొచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దండి. ఏటి ముఖద్వారం దగ్గర లోపలికి లాగేస్తుంది, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది కాబట్టే ప్రమాదం. కాళ్లు తడుపుకుని వచ్చేయండి.

ప్రశ్న: మేము విజయవాడలో ఉంటాం, వైజాగ్ దూరం. మాకు దగ్గర్లో ఇలాంటిది లేదా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: బందరు (మచిలీపట్నం) ఉందిగా! మీకు 70 కిలోమీటర్లే, పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చూడటం అయిపోతుంది. నిజం చెప్పాలంటే చరిత్ర లెక్కన భీమిలి కంటే బందరే పెద్దది, డచ్చి వాళ్లు 1606లోనే గోల్కొండ సుల్తాన్ దగ్గర వర్తకానికి అనుమతి తీసుకుని దిగిన చోటు, 1611లో ఇంగ్లీషు వాళ్లు వచ్చిందీ అక్కడికే. అక్కడా డచ్ సమాధులున్నాయి, కేంద్ర పురావస్తు శాఖ చూసుకుంటోంది. తర్వాత బందరుకోటలో మిగిలిన పాత కట్టడాలు చూడండి, ఎక్కువ మిగల్లేదు, కారణం 1864 నవంబరు 1 నాటి తుఫాను, ఆ రాత్రి ఉప్పెనకి దాదాపు 30,000 మంది పోయారని లెక్క, ఊరి వర్తకం కూడా ఆ దెబ్బ నుంచి మళ్లీ కోలుకోలేదు. అది తెలుసుకుని చూస్తే ఆ ఖాళీ స్థలం వేరేగా కనిపిస్తుంది. అక్కణ్ణుంచి మంగినపూడి బీచ్ 11 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు చిలకలపూడి పాండురంగస్వామి గుడి. టైం ఉంటే పెడన కూడా వెళ్లండి, చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం ఇప్పటికీ చేస్తున్నారు, డచ్చి వాళ్లూ ఇంగ్లీషు వాళ్లూ ఈ తీరానికి వచ్చింది ఇలాంటి బట్టల కోసమే కదా. పెడనలో బట్ట కొనాలనుకుంటే షాపులో కాకుండా అద్దకం చేసేచోటే అడిగి కొనండి, వర్క్‌షాపులు మధ్యాహ్నం భోజనాలకి ఆపేస్తారు కాబట్టి పన్నెండు లోపల చేరేలా చూసుకోండి.